మూత్రాశయ పరీక్షకు భయమెందుకు?

కడుపులో నొప్పి వస్తే చెప్పుకుంటాము. కళ్ళు మసకబారితే చెప్పుకుంటాము. మోకాళ్ళ నొప్పుల సంగతైతే అడగని వారికి కూడా చెప్పుకుంటాము. కాని ఒంటికి వెళ్ళడంలో ఏదైనా చిక్కు వచ్చిందంటే మాత్రం కట్టుకున్నవారితో సైతం నోరు విప్పము. ఈ బిడియం మన కుటుంబాలలో తరతరాలుగా వస్తున్నది. ఆ పనికి మనం పెట్టుకున్న పేర్లే ఇందుకు సాక్ష్యం. పిల్లలకు 'ఒంటికి' అని నేర్పుతాము. పెద్దలు 'లఘుశంక' అంటారు. బెంగళూరు బళ్ళలో చదువుకునే మన పిల్లలు కన్నడంలో 'ఒందక్కె' అని చేయెత్తి అడుగుతారు. రెండు భాషలలోను లెక్కపేరు చెప్పి తప్పుకుంటామే గాని, అసలు పేరు నోట రాదు.

పేరు నోట రాకపోతే పోనీ. జబ్బు కూడా నోట రాకపోవడమే చిక్కు. దగ్గినా తుమ్మినా నాలుగు చుక్కలు జారిపోయే ఇల్లాలు పెళ్ళిపందిట్లో ముందు వరుస మాని తలుపు ప్రక్కన కూర్చుంటుంది. మడి కట్టుకునే అమ్మమ్మగారు పూజగదిలో అడుగు పెట్టడమే మానుకుంటారు. రాత్రి ఐదారుసార్లు లేచే తాతగారు తిరుపతి బస్సు ఎక్కనంటారు. కారణం ఎవరూ అడగరు, వారూ చెప్పరు. ఎప్పటికో డాక్టరు దగ్గరకు వెళ్ళడం, ఆయన 'యూరోడైనమిక్ పరీక్ష చేయించుకు రండి' అని చీటీ వ్రాయడం జరుగుతుంది. అక్కడ రెండవ బిడియం మొదలవుతుంది. గొట్టాలు పెడతారట, పదిమంది ముందూ పొయ్యమంటారట అని ఎవరో అన్న మాట చెవిని పడుతుంది. చీటీ బీరువాలో చీరల క్రిందకి చేరుతుంది.

ఆ చీటీని బీరువాలో నుండి బయటికి తీయించాలని ఈ వ్యాసం వ్రాస్తున్నాము. ఈ పరీక్ష ఏమిటి, రోగులు దీనిని ఎంతవరకు తట్టుకోగలుగుతున్నారు, తట్టుకునేటట్లు చేయడానికి ఆసుపత్రివారు ఏమి చేయాలి, ఇంటివారు ఏమి చేయాలి అన్నవి ఇందులో చెప్పదలచిన సంగతులు.

ఇంతకూ ఈ పరీక్ష ఏమిటి?

మూత్రాశయం ఒక కండరపు సంచి. దానికి రెండే పనులు: మూత్రం నింపుకుని పట్టి ఉంచడం, సమయం వచ్చినప్పుడు పూర్తిగా వదలడం. పెద్దవారిలో సుమారు 300 నుండి 500 మిల్లీలీటర్ల వరకు పడుతుంది. అంటే మనం రోజూ కొనే అర లీటరు పాల పాకెట్టంత, లేక అంతకు కొంచెం తక్కువ. ఆరోగ్యంగా ఉన్న సంచిలో గొప్పతనం ఏమిటంటే, నిండుతున్నకొద్దీ అది సాగుతుందే గాని లోపలి ఒత్తిడిని పెంచదు. వదలవలసినప్పుడు సంచి బిగుసుకుంటుంది, క్రింది మూత సడలుతుంది. ఈ రెండింటినీ మెదడు, వెన్నుపాము, నరాలు కలిసి నడిపిస్తాయి.

స్కాను తీస్తే సంచి ఆకారం కనబడుతుంది. దాని పని కనబడదు. పని చూడాలంటే దానిని నింపి, పట్టించి, వదిలించి చూడవలసిందే. ఇది నిన్న మొన్నటి ఆలోచన కాదు. ఇటలీ దేశపు శాస్త్రజ్ఞులు మోసో, పెల్లకానీ అనేవారు 1882లోనే మూత్రాశయంలోని ఒత్తిడిని కొలిచి ప్రకటించారు. 1927లో అమెరికాలో రోజ్ అనే వైద్యుడు అందుకొక పరికరాన్ని సిద్ధం చేశాడు. 1971లో ఈ జబ్బులను గూర్చి కృషి చేసే అంతర్జాతీయ సంఘం ఏర్పడింది. ఆ సంఘమే 2002లో పరీక్షను ఎట్లా చేయాలో పద్ధతులు నిర్ణయించి ప్రచురించింది, తరువాత వాటిని సవరించింది కూడా. ఇన్ని సంవత్సరాల అనుభవం గల పరీక్ష ఇది.

దీనిలో మొదటి మెట్టు చాలా సులువు. రోగి మూత్రాశయం నిండుగా ఉండగా వచ్చి, తలుపు వేసుకుని, గరాటు వంటి పాత్రలో ఒంటికి వెళ్ళాలి. సెకనుకు ఎన్ని మిల్లీలీటర్లు పడుతున్నదో క్రింద ఉన్న యంత్రం గీత గీస్తుంది. ఇందులో గొట్టం లేదు, సూది లేదు, నొప్పి లేదు. లెక్క సరిగా రావాలంటే కనీసం 150 మిల్లీలీటర్లు పోయాలి. పురుషులలో ధార సెకనుకు 15 మిల్లీలీటర్లకు, అనగా మూడు చిన్న చెంచాలకు, మించి ఉంటే సాధారణంగా బాగున్నట్లే. పదికి తగ్గితే ఎక్కడో చిక్కు ఉన్నదని అనుమానించాలి. ఆ తరువాత లోపల ఎంత మిగిలిపోయిందో స్కానుతో చూస్తారు. చాలామందికి పరీక్ష ఇక్కడితోనే ముగిసిపోతుంది.

ముగియనివారి సంగతి ఏమిటి? మన ఇంటికి కావేరి నీళ్ళు వచ్చే రోజున కొళాయి ధార సన్నగా ఉన్నదనుకోండి. గొట్టంలో ఏదైనా అడ్డుపడి ఉండవచ్చు, లేదా అసలు ఒత్తిడే తక్కువై ఉండవచ్చు. ధారను చూసి మాత్రం ఏది కారణమో చెప్పలేము. వయసు మళ్ళిన పురుషుని సంగతీ అంతే. ప్రోస్టేటు గ్రంథి దారిని నొక్కినా ధార సన్నబడుతుంది, సంచి కండరం నీరసించినా సన్నబడుతుంది. లోపలి ఒత్తిడి హెచ్చుగా ఉండి ధార సన్నగా ఉంటే అడ్డు ఉన్నట్లు. ఒత్తిడీ తక్కువ, ధారా తక్కువ అయితే కండరమే నీరసించినట్లు. మొదటివారికి ఆపరేషను మేలు చేస్తుంది. రెండవవారికి దానివల్ల ఆశించినంత లాభం ఉండకపోవచ్చు. ఈ భేదం తెలుసుకోవడానికే రెండవ మెట్టు.

రెండవ మెట్టులో రోగిని పడుకోబెట్టి, శుభ్రం చేసి, మూత్రమార్గంలో జెల్లీ వేసి, ఒక సన్నని గొట్టాన్ని మూత్రాశయంలోకి పంపుతారు. దాని మందం సుమారు రెండు మిల్లీమీటర్లు, అంటే దాదాపు అగ్గిపుల్లంత. మరొక సన్నని గొట్టాన్ని మలద్వారంలో ఉంచుతారు. ఇది కడుపులోని ఒత్తిడిని కొలవడానికి. దగ్గినప్పుడు కడుపు ఒత్తిడి కూడా పెరుగుతుంది గనుక, దానిని తీసివేస్తేనే సంచి కండరం సొంత ఒత్తిడి తేలుతుంది. తరువాత సెలైను నీటిని మెల్లగా, సాధారణంగా నిమిషానికి 50 మిల్లీలీటర్లు గాని అంతకు తక్కువగా గాని, లోపలికి పంపుతారు. నరాల జబ్బు ఉన్నవారికి ఇంకా నిదానంగా పంపుతారు. నడుమ నడుమ 'ఇప్పుడు తెలుస్తున్నదా? ఇప్పుడు వెళ్ళాలని ఉన్నదా? ఇక ఆపుకోలేరా?' అని అడుగుతారు. దగ్గమంటారు. చివరకు ఆ గొట్టాలతోనే ఒంటికి వెళ్ళమంటారు. మొత్తం అరగంట నుండి గంట పడుతుంది. ఉపవాసం అక్కరలేదు. మత్తు ఇవ్వరు. మత్తు ఇస్తే రోగికి ఏమి తెలుస్తున్నదో చెప్పలేడు గనుక పరీక్షకే అర్థం ఉండదు.

రోగులు ఎట్లా తట్టుకుంటున్నారు?

ఈ ప్రశ్నను వైద్యులు రోగులనే అడిగి చూశారు. వివిధ దేశాలలో పరీక్ష చేయించుకున్నవారికి ప్రశ్నపత్రాలు ఇచ్చి, ముందు ఎంత భయపడ్డారు, తరువాత ఎంత బాధపడ్డారు అని విచారించారు. అట్టి విచారణలలో మొత్తం మీద తేలిన సంగతులు మూడు.

మొదటిది, చాలామందికి ముందు పడిన భయం కన్న తరువాత పడిన బాధ తక్కువ. గొట్టం పెట్టే క్షణాలు ఇబ్బందిగా ఉంటాయి. మంటగా, ఒత్తినట్లుగా ఉంటుంది. ఆ తరువాత నింపే సమయంలో సాధారణంగా నిండిన భావమే గాని నొప్పి ఉండదు. అవసరమైతే మరల చేయించుకుంటామని చెప్పినవారే ఎక్కువమంది.

రెండవది, నొప్పితో సమానంగా బాధించేది సిగ్గు. పరాయివారి ముందు బట్టలు తొలగించుకోవడం, వారు చూస్తుండగా ఒంటికి వెళ్ళవలసి రావడం అన్నవే తమకు కష్టమనిపించాయని చెప్పినవారు అనేకులు. ఇది మన దేశపు వారికి మాత్రమే ఉన్న సంకోచమని అనుకోనక్కరలేదు. ఇంగ్లండులో మూత్ర సమస్యలున్న పురుషులతో మాట్లాడి తెలుసుకున్నప్పుడు వారూ ఇదే చెప్పారు. మొత్తం మీద పరీక్ష తమకు సమ్మతమే అన్నారు. ముందుగా విపులంగా చెప్పడం, సిబ్బంది మర్యాదగా నడుచుకోవడం తమ బిడియాన్ని చాలావరకు పోగొట్టాయన్నారు.

మూడవది, అందరికీ ఒకే తీరుగా ఉండదు. వృద్ధుల కన్న వయసులో ఉన్నవారు ఎక్కువ ఇబ్బంది పడుతున్నట్లు కొన్ని పరిశీలనలలో కనబడింది. పురుషులలో మూత్రమార్గం పొడవు గనుక గొట్టం పెట్టేటప్పుడు బాధ కొంచెం ఎక్కువ. దారి సన్నబడినవారికి, ఇదివరలో గొట్టంతో బాధపడి భయపడినవారికి, పిల్లలకు ఈ పరీక్ష నిజంగానే కష్టం. అట్టివారిని 'ఇంతమాత్రానికే ఇంత గొడవా?' అని తీసిపారేయడం న్యాయం కాదు.

పరీక్ష అయిన తరువాత ఒకటి రెండు రోజులు మంట ఉండవచ్చు. మూత్రం కొంచెం ఎర్రగా కనబడవచ్చు. ఇవి సాధారణంగా నీళ్ళు బాగా త్రాగితే తగ్గిపోతాయి. కొద్దిమందికి మూత్రంలో చీము పట్టే అవకాశం ఉన్నది. చలిజ్వరం వచ్చినా, మంట తగ్గకుండా పెరుగుతున్నా, గడ్డలు గడ్డలుగా రక్తం పడినా, ఒంటికి రాకుండా బిగబట్టినా ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి వెళ్ళాలి.

ఓర్పు వేరు, మౌనం వేరు

ఇక మేము ముఖ్యంగా చెప్పదలచిన మాట ఇది. మన ఇళ్ళలో ఓర్పును గొప్ప గుణంగా ఎంచుతాము. ఇంజెక్షను వేసినా 'అమ్మా' అనని పిల్లవానిని మెచ్చుకుంటాము. ప్రసవవేదనను పళ్ళ బిగువున భరించిన అత్తగారి కథ కోడళ్ళకు చెబుతాము. ఈ ఓర్పు ఇతర చోట్ల ఎంత మంచిదైనా, మూత్రాశయ పరీక్షలో మాత్రం అక్కరకు రాదు. ఎందుకంటే ఇందులో యంత్రం సగమే చెబుతుంది. మిగతా సగం రోగి చెప్పాలి.

సంచిలో 150 మిల్లీలీటర్లు ఉండగానే 'ఇక ఆపుకోలేను' అనిపించిన అమ్మగారు, మాట పడతామేమోనని పళ్ళు బిగించి ఊరుకుంటే, యంత్రం గీసే గీత ప్రక్కన తప్పు లెక్క పడుతుంది. ఇంట్లో రోజూ బాధించే తొందర పరీక్షగదిలో కనిపించకుండా పోతుంది. అట్లాగే నలుగురు నిలబడి చూస్తుంటే ఒంటికి రాక బిగబట్టుకున్న తాతగారికి 'కండరం పని చేయడం లేదు' అని తేలవచ్చు. అసలు పని చేయనిది కండరం కాదు, సిగ్గు దానిని పని చేయనివ్వలేదు. అందుచేతనే పరీక్ష సమయంలో ఏకాంతం, నిదానం ఉండాలని, యంత్రంలో కనిపించినది రోగి రోజూ పడే బాధతో సరిపోతున్నదా అని అడిగి చూసుకోవాలని వైద్యుల నియమాలు చెబుతున్నాయి. రోగి సౌఖ్యం దయాదాక్షిణ్యాల విషయం మాత్రమే కాదు. అది లేకపోతే పరీక్ష ఫలితమే నమ్మదగినది కాకుండా పోతుంది.

కాబట్టి ఈ పరీక్షలో మంచి రోగి అంటే నోరు మూసుకుని పడుకున్నవారు కారు. 'నొప్పిగా ఉన్నది, కొంచెం ఆపండి' అనేవారు, 'ఇంట్లో ఇట్లా ఉండదు, ఇప్పుడు వేరుగా ఉన్నది' అని చెప్పేవారు మంచి రోగులు.

మూత్రపిండాలకు ముప్పు ఉన్నవారు

కొందరికి ఈ పరీక్ష సౌకర్యం కొరకు కాదు, ప్రాణరక్షణ కొరకు. వెన్నుపాము దెబ్బ తిన్నవారు, పుట్టుకతోనే వెన్నులో లోపం ఉన్న పిల్లలు ఈ కోవకు చెందుతారు. వీరిలో సంచి సాగడం మానివేసి, లోపల ఒత్తిడి పెరుగుతుంది. బయటికి ఏ బాధా తెలియదు. ఒత్తిడి పైకి ఎగదన్ని కొన్నేళ్ళలో మూత్రపిండాలను పాడు చేస్తుంది.

1981లో మెక్‌గ్వైర్ అనే అమెరికా వైద్యుడు, ఆయన సహచరులు వెన్ను లోపంతో పుట్టిన 42 మందిని పరీక్షించి ప్రకటించిన ఫలితం ఈ రంగంలో చాలా ప్రసిద్ధం. మూత్రం కారేటప్పుడు లోపలి ఒత్తిడి 40 సెంటీమీటర్ల నీటి ఎత్తుకు లోబడి ఉన్నవారిలో మూత్రం వెనక్కు ఎగదన్నడం కనబడలేదు. అది మించినవారిలో ఎక్కువమందికి మూత్రనాళాలు ఉబ్బి ఉన్నాయి. నలభై సెంటీమీటర్లంటే మన లెక్కలో మూరెడుకు కొంచెం తక్కువ. అంత చిన్న తేడా మీద మూత్రపిండాల క్షేమం ఆధారపడి ఉండవచ్చునన్నమాట. ఆ మూరెడు లెక్క తెలుసుకునేందుకు ఈ పరీక్ష తప్ప వేరు దారి లేదు. తెలిసినట్లయితే మందులతోను, వేళకు గొట్టంతో ఖాళీ చేసుకోవడం వంటి పద్ధతులతోను ఒత్తిడిని తగ్గించవచ్చు.

ఇట్టివారి విషయంలో 'తట్టుకోవడం' అన్న మాటకు మరొక అర్థం కూడా ఉన్నది. వెన్నుపాములో పై భాగాన, అనగా రొమ్ము నడిమికి గాని దానికి పైన గాని దెబ్బ తిన్నవారికి సంచి నిండేటప్పుడు నొప్పి తెలియకపోయినా, రక్తపు పోటు ఒక్కసారిగా పెరగవచ్చు. తల పగిలిపోయేటట్లు నొప్పి, ముఖాన చెమట, ఎర్రదనం దాని గుర్తులు. అప్పుడు వెంటనే నింపడం ఆపి సంచిని ఖాళీ చేయాలి. అందుకే అట్టివారికి రక్తపు పోటు చూసుకుంటూ, ఈ సంగతి తెలిసిన చోటనే పరీక్ష చేయించాలి.

మన నగరంలో అటువంటి చోట్లకు కొరత లేదు. హోసూరు రోడ్డులో ఉన్న నిమ్‌హాన్స్, 1974లో మానసిక ఆసుపత్రిని, అఖిల భారత మానసిక ఆరోగ్య సంస్థను కలిపి ఏర్పరచినది, నరాల జబ్బులవారికి పునరావాస విభాగాన్ని నడుపుతున్నది. వెన్నుపాము జబ్బులవారి మూత్రాశయాన్ని ఈ పరీక్షతో పరిశీలించి, అక్కడి వైద్యులు పరిశోధన వ్యాసాలు కూడా ప్రకటించారు. 1900లో ప్రారంభమైన విక్టోరియా ఆసుపత్రి ఆవరణలోనే, మూత్రపిండాలకు మూత్రకోశ వ్యాధులకు ప్రత్యేకించిన ప్రభుత్వ సంస్థ, ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ నెఫ్రో యూరాలజీ ఉన్నది. పరీక్షకు బొంబాయికో మద్రాసుకో పోవలసిన అవసరం మనకు లేదు.

అందరికీ అవసరమా?

అవసరం లేదు. ఈ మాట కూడా స్పష్టంగా చెప్పడం మా విధి. 2012లో అమెరికాలో ప్రకటించిన ఒక పరిశోధనలో, దగ్గినప్పుడు మూత్రం జారే సాధారణ బాధ గల 630 మంది స్త్రీలను రెండు భాగాలు చేశారు. ఒక భాగానికి ఈ పరీక్ష చేసి ఆపరేషను చేశారు. రెండవ భాగానికి డాక్టరు గదిలో చేసే మామూలు పరీక్ష మాత్రమే చేసి ఆపరేషను చేశారు. సంవత్సరం తరువాత చూస్తే మొదటివారిలో నూటికి 76.9 మందికి, రెండవవారిలో నూటికి 77.2 మందికి గుణం కనబడింది. అంటే ఇతర చిక్కులు లేని ఇట్టి స్త్రీలకు పరీక్ష వలన అదనపు లాభం కలగలేదు.

ఇంగ్లండులో 26 ఆసుపత్రులలో 820 మంది పురుషులతో జరిపిన మరొక పరిశోధన ఫలితాలు 2020లో వచ్చాయి. పరీక్ష చేయించుకున్నవారిలో నూటికి 38 మందికి, చేయించుకోనివారిలో నూటికి 36 మందికి ఆపరేషను జరిగింది. పరీక్ష వలన ఆపరేషనుల సంఖ్య తగ్గుతుందన్న ఆశ నెరవేరలేదు. కనుక ఒంటికి వెళ్ళడంలో చిక్కు ఉన్న ప్రతివారికీ ఈ పరీక్ష వ్రాయనక్కరలేదు.

మరి ఎవరికి కావాలి? నరాల జబ్బులు ఉన్నవారికి, పక్షవాతం తరువాత చిక్కు తగ్గనివారికి, చాలాకాలంగా మధుమేహం ఉండి సంచికి తెలివి తగ్గినట్లు అనుమానం ఉన్నవారికి, ఒకసారి ఆపరేషను అయి గుణం కనబడనివారికి, బాధ ఒకటి, మామూలు పరీక్ష చెప్పేది మరొకటి అయినవారికి. అందుచేత చీటీ వ్రాసినప్పుడు డాక్టరుగారిని ఒక్క ప్రశ్న అడగండి: 'ఈ పరీక్షలో ఏమి తేలితే నా వైద్యం ఏ విధంగా మారుతుంది?' మంచి డాక్టరు ఈ ప్రశ్నకు సంతోషిస్తాడే గాని కోపగించుకోడు. సమాధానం స్పష్టంగా ఉంటే భయం వదిలి వెళ్ళండి. కారణం తెలిసి పడే ఇబ్బందిని మనసు తేలికగా ఓర్చుకుంటుంది.

వెళ్ళేముందు చేయవలసినవి

మూడు రోజులపాటు ఒక కాగితం మీద, ఎన్ని గంటలకు ఒంటికి వెళ్ళారు, ఎంత పోశారు, ఎంత త్రాగారు, ఎప్పుడు జారింది అని వ్రాసుకోండి. కొలతలు వేసిన ప్లాస్టిక్ చెంబు ఒకటి దీనికే కేటాయించండి. కాఫీని ప్రత్యేకంగా వ్రాయండి. బెంగళూరు ఫిల్టరు కాఫీ రోజుకు ఐదారు లోటాలు పట్టించేవారికి, తొందరకు కారణం సగం ఆ లోటాలోనే కనబడవచ్చు.

ముందుగా మూత్రపరీక్ష చేయించాలి. చీము ఉంటే అది తగ్గినదాకా ఈ పరీక్షను వాయిదా వేయాలి. మలబద్ధకం లేకుండా చూసుకోవాలి. మధుమేహం, గుండె కవాటం మార్పిడి, రక్తం పలుచన చేసే మందులు, గర్భం, రబ్బరుకు గాని మొద్దుబార్చే మందుకు గాని పడకపోవడం, ఇవన్నీ ముందే చెప్పాలి. ఏ మందు ఆపాలో, చీము పట్టకుండా మందు వేసుకోవాలో లేదో డాక్టరే చెప్పాలి. సొంతంగా ఆపడం, వేసుకోవడం రెండూ తగవు.

గదిలో ఎవరెవరు ఉంటారని అడిగే హక్కు మీకు ఉన్నది. స్త్రీ రోగికి మగ డాక్టరు పరీక్ష చేస్తే ప్రక్కన మరొక స్త్రీ ఉండాలని కోరవచ్చు. వైద్య విద్యార్థులు ఉండరాదనుకుంటే మర్యాదగా చెప్పవచ్చు. 2018లో జాతీయ మానవ హక్కుల సంఘం తయారు చేసిన రోగుల హక్కుల పత్రంలో గోప్యత, గౌరవం, ముందుగా తెలిపి సమ్మతి తీసుకోవడం అన్నవి ఉన్నాయి. ఎవరినో బ్రతిమాలుకున్నట్లు అడగనక్కరలేదు.

భాష సంగతి కూడా చూసుకోవాలి. ఇక్కడ పుట్టి పెరిగిన మనకు కన్నడం ఇంటి భాషతో సమానం. కాని అనంతపురం నుండో, నెల్లూరు నుండో కొడుకు ఇంటికి వచ్చి ఉంటున్న అమ్మగారికి అట్లా కాదు. పరీక్ష మధ్యలో నర్సమ్మ ఎంతో ఆప్యాయంగా 'ఉరి ఇదెయా?' అని అడిగితే ఆ పెద్దావిడ ఉలిక్కిపడవచ్చు. కన్నడంలో ఉరి అంటే మంట అని ముందే చెప్పి పంపండి. నొప్పికి 'నోవు', చాలు అనడానికి 'సాకు', ఆపండి అనడానికి 'నిల్లిసి' అన్న మూడు మాటలు నేర్పితే ఆ గంట గడిచిపోతుంది. ఇంకా మంచిది, ఆవిడ మాట తెలిసిన కూతురో కోడలో తలుపు దగ్గర కాదు, తల దగ్గర నిలబడడం.

పిల్లలకు గాని పెద్దలకు గాని 'ఏమీ ఉండదులే' అని చెప్పి తీసుకువెళ్ళకండి. గొట్టం పెట్టిన మరుక్షణమే ఆ మాట అబద్ధమని తెలిసిపోతుంది, ఆ పైన మనం చెప్పే ఏ మాటనూ వారు నమ్మరు. 'కొంచెంసేపు మంటగా ఉంటుంది, నేను ప్రక్కనే ఉంటాను, ఆపమంటే ఆపుతారు' అని చెప్పండి. వెన్ను లోపం ఉన్న పిల్లలకు ఈ పరీక్ష జీవితంలో ఒక్కసారితో పోదు. మొదటిసారి చెప్పిన నిజం మీదనే రెండవసారి వారి ధైర్యం నిలబడుతుంది.

ఆసుపత్రులవారికి ఒక విన్నపం. గడియ వేసే తలుపు, కప్పుకోవడానికి శుభ్రమైన దుప్పటి, రోగి భాషలో ఐదు నిమిషాల మాట: ఈ మూడింటికీ యంత్రం వెలలో వెయ్యో వంతు కూడా కాదు. ఇవి లేకపోతే ఆ ఖరీదైన యంత్రం గీసే గీత సందేహంగానే మిగులుతుంది.

పాఠకులకు ఒక విన్నపం. ఈ వ్యాసాన్ని మీరు చదివి పక్కన పెట్టకుండా, తలుపు ప్రక్కన కూర్చునే పిన్నిగారికి, బస్సు ఎక్కనంటున్న తాతగారికి ఇవ్వండి. చేతికి ఇవ్వడానికి మీకే బిడియమైతే, వారు కూర్చునే చోట ఈ పేజీ తెరచి ఉంచి రండి. బీరువాలో చీటీ ఉన్నదేమో వారికే గుర్తు వస్తుంది.